అత్తగారి బిందె, మామగారి పుస్తకాలు, అటక నిండా సామాను

ప్రశ్న: మాది సాలిగ్రామంలో ముప్పై ఐదేళ్ల నాటి ఫ్లాట్. పాత బిల్డింగ్ పడగొట్టి కొత్తది కట్టడానికి అందరం ప్రమోటర్‌తో ఒప్పందం చేసుకున్నాం. సంక్రాంతి వెళ్లగానే ఖాళీ చేసి రెండేళ్లు అద్దె ఇంట్లో ఉండాలి. దొరికిన ఇల్లు ఇప్పటి ఇంట్లో సగం. ఇక్కడ చూస్తే అటకల నిండా ఇత్తడి, ఎవర్‌సిల్వర్ (స్టీలు) సామాన్లు, మూడు పెట్టెల కొలువు బొమ్మలు, ప్రెస్సులో పనిచేసిన మా మామగారు దాచిన తెలుగు పుస్తకాలు, పత్రికలు, పాత మిక్సీలు, మావారు పారేయనివ్వని వైర్ల సంచులు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి “అన్నీ వదిలించుకో అమ్మా” అని మినిమలిజం వీడియోలు పంపిస్తున్నాడు. తక్కువ సామానుతో హాయిగా ఉండాలని నాకూ ఉంది. మొన్న ఎనభై రెండేళ్ల మా అత్తగారు గుడికి వెళ్లినప్పుడు కాయలాన్ కడ (పాత సామాన్ల కొట్టు) అతన్ని పిలిచి, చిల్లుపడిన ఇత్తడి బిందె, ఇంకొన్ని పాత సామాన్లు తూకానికి వేసేశాను. ఆవిడ వచ్చి చూసుకుని ఏడ్చారు. అప్పట్నుంచీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నేను చేసింది తప్పా? ఈ ఇంటిని ఎక్కడ మొదలుపెట్టి సర్దాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, చెన్నై

సమాధానం: ముందు బిందె సంగతి మాట్లాడుకుందాం. మిగతా సామానంతా దాని తర్వాతే.

తప్పేనండీ. చిల్లుపడిన బిందె వాడకానికి పనికిరాదన్న మీ లెక్కలో తప్పు లేదు. ఆవిడ ఇంట్లో లేని వేళ చూసి, అడక్కుండా ఇచ్చేయడమే తప్పు. ఈ ఉత్తరం చదివిన రోజే ఆ కొట్టుకి వెళ్లి అడగండి. చిన్న కొట్లవాళ్లు ఇత్తడి, రాగి కొంత పోగయ్యేదాకా ఉంచి పెద్ద వ్యాపారికి వేస్తారు కాబట్టి ఇంకా అక్కడే ఉండొచ్చు. ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువిచ్చైనా తెచ్చేసుకోండి. లేకపోతే ఆవిడ పక్కన కూర్చుని “మిమ్మల్ని అడక్కుండా ఇచ్చేశాను, అలా చేసి ఉండకూడదు, ఇకమీదట మీవి మిమ్మల్ని అడక్కుండా ముట్టుకోను” అని చెప్పండి. అంతే చెప్పండి. చిల్లు మాట, కొత్త ఇల్లు చిన్నదన్న మాట అప్పుడు ఎత్తకండి.

ఆవిడ ఏడ్చింది పాత వస్తువు మీద మమకారంతో మాత్రమే కాదనుకుంటాను. మీ అత్తగారు కాపురానికి వచ్చిన రోజుల్లో ఒక్కో పాత్ర చీటీ పాడుకుని కొన్నది. పైగా ఈ ఊళ్లో బిందె విలువ వేరు. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ ఎండిపోయినప్పుడు మెట్రో వాటర్ లారీ దగ్గర బిందెలతో నిలబడ్డ వీధులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు అటక మీంచి అండాలు దింపుకున్న ఇళ్లు ఎన్నో. అందుకని నీళ్లు పట్టుకోవడానికి పనికొచ్చే పెద్ద పాత్రలు ఒకటి రెండు అద్దె ఇంటికీ తీసుకెళ్లండి. చెన్నైలో ఉంటూ వాటిని చాదస్తం అనుకోవడానికి లేదు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు విషయం. మీ అబ్బాయి పంపిన వీడియోల్లో ఇంట్లోంచి సామాను పోవడంతోనే కథ అయిపోతుంది. ఆ తర్వాత అది ఎవరింటికి వెళ్లింది, ఎవరు వాడుతున్నారు అన్నది ఎవరూ చూపించరు. కానీ పెద్దవాళ్లకు ముఖ్యమైనది ఆ రెండో సగమే. తన పాత్రలో ఇంకొకరు వండుకుంటారని తెలిస్తే వాళ్లు ఇవ్వడానికి వెనకాడరు. ఎటు పోతుందో తెలియనప్పుడే పట్టుకుని కూర్చుంటారు. కాబట్టి ఏ వస్తువునైనా చేతిలోకి తీసుకున్నప్పుడు “ఉంచనా, పారేయనా” అని అడగొద్దు. “ఇది ఎవరికి చేరాలి?” అని అడగండి. ఆ ప్రశ్న అడగాల్సింది వస్తువు ఎవరిదైతే వాళ్లను. చేర్చాల్సింది కూడా, ఓపిక ఉన్నంతవరకు, వాళ్ల చేతితోనే.

మీ అత్తగారి విషయంలో దీనికి మంచి సమయం ఎదురుగానే ఉంది. చెన్నైలో అందరూ నవరాత్రికి కొలువు పెడతారు, మన ఆంధ్ర ఇళ్లలో సంక్రాంతికి పెట్టే ఆనవాయితీ కూడా ఉంది. ఈ ఇంట్లో చివరి పండుగ అది. భోగి నాడు ఆ మూడు పెట్టెలూ దింపి కొలువు పెట్టండి. పేరంటానికి వచ్చే ఆడపడుచులు, మేనకోడళ్లు, పక్క ఫ్లాట్లవాళ్లలో ఎవరికి ఏ బొమ్మ, ఏ గిన్నె ఇవ్వాలో ఆవిడనే ముందుగా చెప్పమనండి. పేర్లు మీరు కాగితం మీద రాసుకోండి. తాంబూలంతో పాటు ఆవిడే ఇస్తారు. పెళ్లినాటి మరపాచి బొమ్మల (చెక్క బొమ్మల) జంట ఉంటే అది ఇంటి ఆడపిల్లకో మనవరాలికో వెళ్లాలి. దాన్ని బయటివాళ్లెవరికీ ఇవ్వకండి, ఆవిడ తానుగా చెబితే తప్ప. రంగుపోయిన మట్టి బొమ్మలు, విరిగిన దేవుడి బొమ్మలు మాత్రం పంచకండి. పెట్టె అడుగున చుట్టి ఉంచిన పాత గుడ్డలతో కలిపి వాటినీ మోసుకెళ్లడం వృథా.

ఎంత మిగిలినా ఆవిడకంటూ ఒక పెట్టె, ఒక బీరువా అర ఉండనివ్వండి. అందులో ఏముందో, ఎందుకుందో ఎవరూ అడగకూడదు. మీరూ, మీవారూ, వీడియో కాల్‌లో మీ అబ్బాయీ.

ఆవిడ సామాను ఆవిడ తేలుస్తారు. మరి మీరు ఎక్కడ మొదలుపెట్టాలి? మీ సొంత వస్తువుల్లో. ఇంట్లో అందరికంటే ఎక్కువ సామాను మీ పేరు మీదే ఉందని తేలినా ఆశ్చర్యపోకండి. వంటింటి సామాను, చీరలు, ప్లాస్టిక్ డబ్బాలు, పెళ్లిళ్లలో వచ్చిన రిటర్న్ గిఫ్టులు. మీరు మీవి తీసి ఇచ్చేయడం ఇంట్లోవాళ్లు వారం రోజులు చూస్తే చాలు, అడగకుండానే “ఇది కూడా చూడమ్మా” అంటారు. ముందే వాళ్ల అర మీద చెయ్యి వేస్తే మాత్రం ఉన్నవన్నీ ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

దాచిన వస్తువు దాచినట్టే ఉంటుందన్నది మన అందరి నమ్మకం. ఈ సముద్రపు ఊళ్లో అది నిజం కాదు. ఒకసారి అటక మీంచి పాత సూట్‌కేస్ దింపి చూడండి. రెక్సిన్ పొరలు పొరలుగా ఊడి చేతికి అంటుకుంటుంది. ఎలాస్టిక్ సాగి పోయి ఉంటుంది. తాళం తుప్పు పట్టి ఉంటుంది. పట్టుచీర మడత దగ్గర జరీ నల్లబడి, విప్పితే గుడ్డ చీలుతుంది. ఇవాళ ఒకరికి ఇస్తే పదేళ్లు వాడుకునే వస్తువు, ఇంకో పదేళ్లు అటక మీద ఉంచితే ఎవరికీ పనికిరాదు.

పట్టుచీరల గురించి ఒక జాగ్రత్త. పాత పట్టుచీరలు కొంటామని బోర్డులు పెట్టిన కొట్లు టి.నగర్, మైలాపూర్ వైపు కనిపిస్తాయి. వాళ్లు కొనేది జరీలో ఉన్న వెండి కోసం. చీరను కాల్చి వెండి తీస్తారు. చిరిగిపోయి కట్టుకోవడానికి పనికిరాని చీరైతే అలా ఇవ్వడంలో తప్పు లేదు. కానీ అసలు జరీ ఉన్న పాత కంచిపట్టు, గుడ్డ గట్టిగా ఉంటే, అలా కాలిపోనివ్వకండి. అంచు, కొంగు తీసి కొత్త చీరకో, పిల్లల పరికిణీకో వేయించుకోవచ్చు. రెండు మూడు కొట్లలో బేరం కనుక్కోకుండా ఎక్కడా ఇవ్వకండి. నూలు చీరలు మెత్తగా అరిగిపోయినవి ఉంటాయి కదా, వాటితో బొంతలు కుట్టించవచ్చు. మీ అత్తగారికి ఆ పని బాగా తెలిసే ఉంటుంది.

కట్టుకోదగిన బట్టలే దానానికి ఇవ్వండి. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2004 సునామీ తర్వాత దేశమంతటి నుంచీ తమిళనాడు తీరానికి లారీల కొద్దీ పాతబట్టలు వచ్చాయి. చిరిగినవీ, మురికివీ, అక్కడి వాళ్లు కట్టుకోనివీ రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండిపోయాయి. ఇచ్చినవాళ్లు పుణ్యం చేశామనుకున్నారు, సర్వం పోగొట్టుకున్న మత్స్యకారులకు అది అవమానమైంది. ఆ బట్టల్ని ఏరి పనికొచ్చేలా చేసే పనిలో గూంజ్ అనే సంస్థ పాలుపంచుకుంది. 1999లో ఢిల్లీలో మొదలైన ఆ సంస్థ చెన్నైలోనూ పనిచేస్తోంది. ఉతికి, ఆరబెట్టి, బొత్తాలు కుట్టి ఇవ్వండి. చిరిగినవి మెకానిక్ షాపులకు తుడుపు గుడ్డలుగా పనికొస్తాయి, వాటిని అలాగే ఇవ్వండి.

ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఇవ్వడం గురించి కూడా ఇదే మాట. “పాత మిక్సీ తీసుకో” అని చేతిలో పెట్టేయడం తేలిక. కానీ ఈ రాష్ట్రంలో 2011 నుంచి ప్రభుత్వం రేషన్ కార్డుల మీద మిక్సీ, గ్రైండర్, ఫ్యాన్ ఉచితంగా ఇచ్చింది. ఆవిడ ఒక్క గది ఇంట్లో అవన్నీ ఇప్పటికే ఉండొచ్చు. మీ అటక మీది సామాను ఆవిడ మంచం కిందికి చేరితే ఏం లాభం? “నీకు ఇందులో కావలసింది ఏమైనా ఉందా?” అని అడగండి. ఏమీ వద్దంటే నొచ్చుకోకండి. రిపేరు చేయించి, పనిచేస్తోందని చూపించి ఇవ్వడం మర్యాద.

ఎవర్‌సిల్వర్, ఇత్తడి, కంచు దేనికదే వేరు చేసి, ఇంట్లోనే తూచుకుని రాసి పెట్టుకోండి. కలిపి వేస్తే అన్నిటినీ తక్కువ రేటుకే కడతారు. పాత్రల కొట్లవాళ్లు పాతవి తీసుకుని కొత్తవి ఇస్తామంటారు. అద్దె ఇంటికి వెళ్లేముందు ఆ బేరానికి దిగకండి, సామాను తగ్గదు, మెరుస్తుంది అంతే. పెద్ద గంగాళాలు, పాతికమంది వంటకు సరిపోయే డేగిసాలు ఏడాదికి ఒకసారి వాడతామని ఉంచుకుంటాం. చెన్నైలో పాత్రలు అద్దెకిచ్చే కొట్టు లేని పేట లేదు. అండాల నుంచి మడత కుర్చీల దాకా తెచ్చిపెట్టి, మర్నాడు తీసుకుపోతారు. తద్దినానికో, నోముకో ఆ కొట్టు చాలు.

జాగా ఖరీదు కూడా ఒకసారి లెక్క వేసి చూడండి. ఉదాహరణకు 700 చదరపు అడుగుల ఇంటికి నెలకు 21 వేల అద్దె అనుకుందాం. చదరపు అడుగుకు 30 రూపాయలు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గదిని విప్పని పెట్టెలకు వదిలేస్తే నెలకు 3 వేలు, రెండేళ్లకు 72 వేలు. ఆ అద్దె ప్రమోటరే ఇస్తున్నా, కాళ్లు చాపుకోవాల్సిన జాగా మీది. ఈ లెక్క మీవారికి చూపించండి. అత్తగారికి వద్దు.

మీవారి వైర్ల సంచులు. ఆయన్ని వెక్కిరించకుండా ఒక ఆదివారం పక్కన కూర్చోండి. ఇంట్లో ఇప్పుడున్న వస్తువుల్లో దేనికి ఏ వైరు పనికొస్తుందో ఆయనే పెట్టి చూసి, పనికొచ్చిన దాని మీద పేరు రాసి చుట్టాలి. దేనికీ సరిపడనివి వేరే సంచిలోకి. ఆ సంచినీ, పాత ఫోన్లనూ, ఉబ్బిన బ్యాటరీలనూ వీధిలో పాత సామాన్లు కొనడానికి వచ్చే అతనికి మాత్రం ఇవ్వకండి. లోపలి రాగి కోసం వైర్లను తగలబెడతారు, ఆ పొగ విషం. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అద్దంలో సీసం ఉంటుంది, దాన్ని పగలగొట్టకూడదు. అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్లకే ఇవ్వాలి. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో పనిచేసే పాత సామాన్లు కొనేవాళ్లు ఉన్నారు, మీవారికి ఆ వీధి ఇష్టమయ్యే ఉంటుంది. ఫోన్లు, కంప్యూటర్లు ఇచ్చేముందు లోపలి ఫోటోలు, బ్యాంకు యాప్‌లు పూర్తిగా చెరిపేయడం మరచిపోకండి.

భోగి మంటలో పారేద్దామన్న ఆలోచన ఇంట్లో ఎవరికైనా వస్తే వెంటనే ఆపండి. పరుపులు, టైర్లు, ప్లాస్టిక్ కాల్చడం వల్ల 2018 భోగి నాడు పొగ, మంచు కలిసి చెన్నై విమానాశ్రయంలో విమానాలు దిగలేకపోయాయి. భోగి మంటలో పిడకలు, కట్టెలు వేసేవాళ్లం గానీ ఫోమ్ పరుపులు కాదు. కొన్నేళ్లుగా భోగి ముందు పాతబట్టలు, టైర్లు కాల్చకుండా తమకే ఇవ్వమని కార్పొరేషన్ ప్రకటిస్తోంది. పెద్ద సోఫాలు, పరుపుల విషయం కార్పొరేషన్ నంబరు 1913కి ఫోన్ చేసి కనుక్కోండి. ఆఖరి రోజు రాత్రి మెట్ల కింద వదిలేసి వెళ్లడం మాత్రం వద్దు. ఖాళీ చేసే బిల్డింగుల్లో అందరూ చేసేది అదే.

మీ మామగారి పుస్తకాల గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. తొందరపడి ఇచ్చేస్తే మళ్లీ దొరకనివి ఈ ఇంట్లో ఏమైనా ఉంటే అవి ఆ పెట్టెల్లోనే ఉన్నాయి.

మద్రాసు తెలుగు అచ్చుకు చాలాకాలం పెద్ద దిక్కు. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి ఇక్కడికే వచ్చింది. 1924లో భారతి, 1947 జూలైలో చందమామ ఇక్కడి నుంచే మొదలయ్యాయి. వాటిలోనో, వాటి చుట్టుపక్కల చిన్న ప్రెస్సుల్లోనో పనిచేసినవాళ్ల ఇళ్లలో బయటెక్కడా లేని కాగితాలు ఉంటాయి. నాటక సమాజాల కరపత్రాలు, తెలుగు సంఘాల సావనీర్లు, నాలుగైదు సంచికలతో ఆగిపోయిన పత్రికలు, ప్రూఫులు, రచయితల ఉత్తరాలు. తూకానికి వేస్తే కిలో లెక్క కడతారు, అంతే. పేపర్ల కొట్టువాడికి అవీ నిన్నటి దినపత్రికా ఒకటే.

ముందు ఫోన్‌తో ప్రతి పుస్తకం ముఖచిత్రం, లోపల ప్రచురణ వివరాలున్న పేజీ ఫోటో తీయండి. వరసగా కూర్చుంటే అది నాలుగైదు సాయంత్రాల పని. మీ అబ్బాయికి ఆ ఫోటోలు పంపి జాబితా తయారు చేయమనండి. దూరంగా ఉండి “వదిలించుకో” అనడం కంటే అది ఎంతో సాయం. తర్వాత ఆ పేర్లు ఆర్కైవ్.ఆర్గ్‌లో వెతకమనండి. తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాన్ అయి అక్కడ ఉన్నాయి. స్కాన్ అయి, మార్కెట్లో కూడా దొరుకుతున్న పుస్తకమైతే నిశ్చింతగా ఎవరికైనా చదువుకోవడానికి ఇచ్చేయండి. ఎక్కడా కనిపించనివి పక్కన పెట్టండి. బెంగళూరులో మనసు ఫౌండేషన్ పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు స్కాన్ చేసి భద్రపరిచే పని చేస్తోంది. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఉంది. చెన్నైలోనే కన్నెమరా గ్రంథాలయం ఉంది. జాబితా పంపి, వాళ్లు కావాలన్నవే పంపండి. చెప్పకుండా పెట్టెలు పంపితే గ్రంథాలయాలకు అది భారం. ఇప్పటికే ఉన్నవాటిని వాళ్లు తీసుకోరు, తీసుకోకపోతే అది మీ మామగారికి అగౌరవం కాదు.

ఆయన చేతిరాత ఉన్న పుస్తకాలు, పేజీల్లో గీతలు గీసి వ్యాఖ్యలు రాసినవి కొన్ని ఉంటాయి. అవి మీవారు ఎంచుకోవాలి. ఒక అరలో పట్టేన్ని. ఆయన ఎంచుకునేటప్పుడు పక్కన నిలబడి తొందరపెట్టకండి. తండ్రి పోయాక ఆ పుస్తకాలు ఆయన ఒక్కసారైనా తెరిచి ఉండకపోవచ్చు, ఇదే మొదటిసారి కావచ్చు.

ఒక హెచ్చరిక. పుస్తకాలకు సరైన ఇల్లు దొరికేదాకా ఉంచుదాం, బొమ్మలకు సరైన పిల్ల దొరికేదాకా ఉంచుదాం అనుకుంటూ పోతే ఏదీ కదలదు. ఇవ్వాల్సిన చోటు కోసం వెతకడానికి గడువు పెట్టుకోండి. డిసెంబరు నెలాఖరు అనుకోండి. అప్పటికీ ఎవరూ దొరకని మామూలు వస్తువులు, మామూలు నవలలు తూకానికే వెళ్లనివ్వండి. ఈసారి అందరికీ చెప్పి.

కొత్తగా వచ్చేదాన్ని ఆపకపోతే మాత్రం ఈ శ్రమంతా రెండేళ్లలో మళ్లీ మొదటికొస్తుంది. ఆడి మాసం తగ్గింపులకు టి.నగర్ వెళ్లడం ఈ రెండేళ్లూ మానేయండి. మీ ఇంటి శుభకార్యాలకు రిటర్న్ గిఫ్టుగా స్టీలు డబ్బాలు, ప్లాస్టిక్ బుట్టలు ఇవ్వడం మానేసి పళ్లో, పసుపు కుంకుమలో, మంచి స్వీటో ఇవ్వండి. మీ అటక మీది సగం డబ్బాలు అలా వచ్చినవే, మీరు ఇచ్చినవి ఇంకొకరి అటక మీద ఉన్నాయి.

చివరగా కాగితాలు. పాత బిల్లుల కట్టలతో పాటు ఏది పోయినా బాధ లేదు గానీ, ఇంటి అసలు దస్తావేజులు, అంతకుముందరి మూలపత్రాలు, ప్రమోటర్‌తో ఒప్పందం, జనన మరణ ధ్రువపత్రాలు పోతే చాలా ఇబ్బంది. మామగారి ట్రంకు పెట్టె అడుగున కాగితం రూపంలో షేర్ సర్టిఫికెట్లు ఉన్నాయేమో చూడండి. 2019 ఏప్రిల్ నుంచి వాటిని కాగితం లేని ఎలక్ట్రానిక్ రూపమైన డీమ్యాట్‌లోకి మార్చకుండా ఇంకొకరికి బదిలీ చేసి అమ్మడం కుదరదు, ఏడేళ్లు వరసగా డివిడెండు తీసుకోకపోతే షేర్లే ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. వెళ్లినా వారసులు దరఖాస్తు పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు కాబట్టి పాతవని చించేయకండి. పోస్టాఫీసు పాస్‌బుక్కులు, ఎల్ఐసీ బాండ్లు కూడా అంతే. వీటన్నిటినీ ఒక సంచిలో వేసి, లారీలో ఎక్కించకుండా, ఇల్లు మారే రోజు మీ చేతిలోనే పట్టుకెళ్లండి.